బేసిన్‌లో మిగిలిన పిండి

నాకు ముక్కు మీద కోపం. పాతికేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను కదా, నాకు తెలియనిదేముందన్న పొగరు కూడా ఉండేది. ఆ రెండూ కలిసి నా చేత ఏం చేయించాయో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా బడి ప్రయోగశాలలో గాజుసామాను కడిగి, తుడిచి, సర్దే ఆవిడను అందరం సీసాలక్క అంటాం. ఈ సంగతి జరిగేనాటికి వచ్చి పదకొండేళ్లయింది. ఒక్క బీకరు పగలగొట్టలేదు. నేను పగలగొట్టినవి మాత్రం చాలానే ఊడ్చింది.

ఎండాకాలం సెలవుల ముందు తనిఖీ వాళ్లు వస్తారన్నారు. అలమరాలో ఏదైనా అందంగా కనబడాలని, బట్టల సోడా ఉన్న పెద్ద మూత సీసా ఖాళీ చేసి అందులో నీలి ద్రావణం పోశాను. నాలుగు కిలోల సోడా పలుకుల్ని వెడల్పాటి బేసిన్‌లో పోసి, పైన ఓ కాగితం కప్పాను. తనిఖీ అయిపోయింది, నేనూ ఆ సంగతి మరిచిపోయాను.

సెలవులయ్యాక ఒక శుక్రవారం, తొమ్మిదో తరగతి పిల్లల ముందే ఆ సోడా తూచాను. రెండు కిలోలు కూడా లేదు. గాజుముక్కల్లా మెరిసే పలుకులు ఒక్కటీ లేవు, అంతా తెల్లటి పిండి. మంచి పలుకులన్నీ ఎవరో ఏరుకుపోయి పిండి మిగిల్చారనుకున్నాను. సెలవుల్లో గది తాళం సీసాలక్క దగ్గరే ఉంది.

"సోడా ఏమైంది?" అన్నాను.

"నాకేం తెలుసు సార్? నేను ముట్టుకోలేదు."

"ద్రవ్యం ఊరికే మాయం కాదు. ఇందాకే వీళ్లకు పాఠం చెప్పాను. ఇక్కడ తగ్గిందంటే ఇంకోచోట ఉండి తీరాలి."

ఆవిడ చూపు గోడకున్న తన సంచి మీదకు పోయింది. నాకు అది చాలు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? తెరువు ఆ సంచి!"

పదకొండేళ్లలో ఆవిణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. తెరిచింది. టిఫిన్ డబ్బా, మడత పెట్టిన తెల్లబట్టేదో, ఓ కాగితం పొట్లం. పొట్లంలో సోడా పలుకులు! పైకెత్తి పిల్లలందరికీ చూపించాను.

"కొట్లో కొన్నాను సార్," అంది. ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు. నేను వాణ్ణి ఆపలేదు.

మా బడి పెద్ద మేడమ్ అంతా విని, "రాసివ్వండి, సోమవారం పనిలోంచి తీసేద్దాం," అన్నారు. ఎంత సోడా దొరికిందో కచ్చితంగా రాయాలి కదా. పొట్లం విప్పి త్రాసు మీద పరిచాను. రెండువందల యాభై గ్రాములు. దాన్ని అలాగే వదిలేసి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాను.

సోమవారం వచ్చి చూస్తే నూట తొంభై.

నిజం చెప్పాలి, మళ్లీ దొంగ పడ్డాడనే అనుకున్నాను ముందు. తర్వాత జేబులో తాళంచెవి చేతికి తగిలింది. వంగి చూశాను. పలుకుల అంచులన్నీ తెల్లగా పిండి కట్టి ఉన్నాయి.

స్ఫటికజలం! సోడా పలుకులో సగానికి పైగా నీళ్లే. గాలికి వదిలేస్తే ఆ నీళ్లు ఆవిరై పోతాయి, పలుకు పిండవుతుంది, బరువు తగ్గుతుంది. ఏటా నల్లబల్ల మీద రాసేది నేనే. మూత సీసా ఖాళీ చేసిందీ నేనే. సోడాలోని నీళ్లు ఇంకోచోటే ఉన్నాయి, గాలిలో. నాకు తల కొట్టేసినట్టయింది.

రాసిన కాగితం చింపేసి, పెద్ద మేడమ్‌కి చెప్పి, నడవాలో సీసాలక్కను ఆపాను. "పొరపాటైందండీ," అన్నాను.

"ఆ మాట పిల్లల ముందు చెప్పండి సార్. అన్నది వాళ్ల ముందే కదా."

చెప్పాను. త్రాసు చూపించాను, పిండి చూపించాను, నీళ్లు ఎక్కడికి పోయాయో వివరించాను. అంతా పాఠంలాగే నడిపించి తప్పించుకుందామనుకున్నాను. ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"అయితే సీసాలక్క దొంగ కాదా సార్?"

"కాదమ్మా. అసలు దొంగతనమే జరగలేదు. మూత సంగతి మరిచింది నేను, నింద వేసిందీ నేనే."

సీసాలక్క కుళాయి దగ్గర పరీక్షనాళికలు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

సాయంత్రం చూస్తే, ప్రయోగాలప్పుడు నేను వేసుకునే తెల్లకోటు నా కొక్కేనికి వేలాడుతోంది. జేబు దగ్గర నెలల తరబడి ఉన్న సిరా మరక లేదు. శుక్రవారం ఆ సంచిలో మడత పెట్టి ఉన్న తెల్లబట్ట ఇదే. నేను అడక్కుండానే ఉతకడానికి తీసుకెళ్తోంది. ఆ పొట్లం దీనికోసమే. పొట్లం నేను లాక్కున్నాను కాబట్టి, మళ్లీ ఇంకోటి కొని ఉతికిందన్నమాట.

ఇంటికి వెళ్లే ముందు ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి, సంచి తెరిచి పట్టుకుని నిలబడింది. డబ్బా తీసి పక్కన పెట్టి, అడుగు కూడా కనబడేలా వంచింది.

"అయ్యో, వద్దండీ!" అన్నాను.

"చూసెయ్యండి సార్. రేపు ఏదైనా తగ్గితే మళ్లీ మీకే ఇబ్బంది."

ఇది జరిగి ఏడాదైంది. నేను ఒక్కనాడూ అడగలేదు. ఆవిడ ఒక్కనాడూ చూపించకుండా వెళ్లలేదు.