రెండు వేళ్ల అంచు

నాలుగో కట్ట విప్పి, పై పుస్తకాన్ని ఒళ్లో పరుచుకుని, బైండింగు తాత దాని వీపు తడిమాడు. కుట్టు ఎక్కడుందో కళ్లకన్నా ఆయన వేలికే బాగా తెలుసు. సూది గుచ్చుకుని గుచ్చుకుని దాని కొస గవ్వలా గట్టిపడిపోయింది. నలభై ఏళ్లు బడిపుస్తకాలు కుట్టిన వేలు అది. ఇవాళ దానికి పడిన పని కోత.

పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఏడో పాఠం, సుల్తానులు ఏలిన కాలం, ఇక ఉండకూడదు. కొత్తవి అచ్చయ్యేదాకా ఆగలేక పిల్లల దగ్గరున్నవే వెనక్కి తెప్పించారు. మనవరాలి పుస్తకం కూడా ఈ కట్టల్లోనే ఎక్కడో ఉంది. "నేను రాసుకున్నది పోకుండా చూడు తాతా" అని నిన్న గడ్డం పట్టుకుని మరీ చెప్పింది. ఏం రాసిందో మాత్రం చెప్పలేదు.

పొద్దున వస్తూ చూశాడు. వంతెన మొదట్లో రాతిమీదున్న సుల్తాను పేరుకి సిమెంటు పూసేశారు. ఇంకా పచ్చిగానే ఉంది. ఆ వంతెనకి ఆయన ముత్తాత రాళ్లు మోశాడు. ఇంటిల్లిపాదికీ చెప్పుకోవడానికి ఉన్న గొప్పంతా అదొక్కటే.

"ఆ సుల్తాను మీకేం రాసిచ్చాడని తాతా, పొద్దుట్నించీ ఆ మొహం?" జిగురు కలిపే అక్క కదిపింది.

"రోజుకూలి ఇచ్చాడటమ్మా. ఏనాడూ ఎగ్గొట్టలేదట."

"అయితే మన సూపర్‌వైజరు కన్నా నయమే!"

తలుచుకున్నట్టే సూపర్‌వైజరు ఊడిపడ్డాడు. కోసిన పుస్తకం ఒకటి తెరిచి మొహం చిట్లించాడు. "ఇదేంటి మేస్త్రీ? కుట్టు పక్కన వేలి వెడల్పున కాయితం వదిలేశావు? మొదలంటా పీకెయ్యమన్నాంగా?"

"పీకితే కుదరదు బాబూ. ఇది ఒంటి ఆకు కాదు, మధ్యకి మడిచి కుట్టిన కాయితం. ఇటు సగం ఏడో పాఠంలో సుల్తానుది, అటు సగం ఆరో పాఠంలో రాజుగారిది. సుల్తాన్ని పీకితే రాజుగారూ ఊడి మీ చేతిలోకొస్తారు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఇక్కడేముండేదని పిల్లలడిగితే?"

"అడగరూ మరి!" అన్నాడు తాత.

సూపర్‌వైజరు కాసేపు నసిగాడు. "సరే, వేలి వెడల్పే. అంతకు మించి కనపడిందంటే కట్ట మొత్తం వెనక్కే" అనేసి వెళ్లాడు.

మధ్యాహ్నం దాటాక ఆరో కట్టలో మనవరాలి పుస్తకం కనపడింది. అట్ట తాను వేసిందే, పాత క్యాలెండరుది. తాత చేతులు తుడుచుకుని తెరిచాడు. వంతెన బొమ్మ పక్కన, కుట్టు వెంబడి పైనుంచి కిందకి, పెద్ద పెద్ద అక్షరాల్లో పెన్సిలుతో రాసి ఉంది: మా తాత ముత్తాత రాళ్లు మోసిన వంతెన.

వేలు ఆనించి చూశాడు. అక్షరాలు సగానికి తెగుతాయి. రెండో వేలు పక్కన పెట్టాడు. అప్పుడు సరిపోయింది.

ఎడమ భుజం పొద్దుట్నించీ లాగుతూనే ఉంది. అయినా కొలబద్దను జరిపి, కత్తిని ఒక్క లాగు లాగాడు. వంతెన బొమ్మ ఊడి నేలమీద పడింది. తర్వాత మిగిలిన ఆకులు తీశాడు. పుస్తకం మూసి, అదిమే బరువు కింద పెట్టి, వెనకున్న కట్టలకి చేరగిలబడ్డాడు.

"తాతా, టీ చల్లారిపోతోంది" అంది అక్క. ఇంకోసారి అంది. మూడోసారి లేచొచ్చి భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆయన్ని కడసారి ఇంటికి చేర్చి వచ్చాక, సూపర్‌వైజరు మిగిలిన పుస్తకాలు సరిచూడ్డానికి కూర్చున్నాడు. బరువెత్తి ఆఖరిది తెరిచాడు. వేలు ఆనించాడు. రెండో వేలూ ఆనించాడు. తల పక్కకి వాల్చి, నిలువునా ఉన్నది కూడబలుక్కుంటూ చదివాడు. అక్క చూస్తూ నిలబడింది. పుస్తకం మూశాడు.

మర్నాడు బడికి వెళ్లే కట్టలో అన్నిటికన్నా పైన అదే ఉంది. పాత క్యాలెండరు అట్ట, ఊడకుండా నిలిచిన రాజుగారు, ఆ పక్కన రెండు వేళ్ల అంచు, దానిమీద ఒక్క అక్షరమూ తెగని పెన్సిలు రాత.