ఈ ఒక్కసారికి

ఆ వీధిలో అందరూ ఆయన్ని పచ్చ మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, బడి లేకపోతే తోచక వీధినే తరగతి చేసుకున్నారు. కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకి పోయాలి, బజారుకి గుడ్డసంచీ పట్టుకెళ్లాలి, గదిలోంచి బయటికొస్తే ఫ్యాను ఆపాలి. తన ఇంట్లో ఆపుకుంటే ఎవరికి బాధ? పలకరింపుకని వెళ్లిన ఇళ్లల్లో కూడా మాట మధ్యలో లేచి వెళ్లి లైట్లు ఆర్పేసి వస్తారు. "ఈయనిలా కుళాయిలు కట్టేసుకుంటూ పోతే ఏదో ఒకరోజు వాన కూడా జడిసి ఆగిపోతుంది" అంటుంది ఆయన భార్య.

గేటు పక్కన రెండు డబ్బాలు. పచ్చది తడిచెత్తకి, నీలంది పొడిచెత్తకి. మాస్టారి చెత్తా, మేడమీద అద్దెకుండే బస్సు డ్రైవరు చెత్తా వాటిలోకే చేరుతుంది. ఓసారి ఆ డ్రైవరు "ఈ ఒక్కసారికి మాస్టారూ" అంటూ ఖాళీ సీసా తెచ్చి పచ్చడబ్బాలో పడేశాడు. మాస్టారు అతన్ని మెట్ల మీదే నిలబెట్టి అరగంట క్లాసు పీకారు. దాంతో అతను నడపాల్సిన బస్సే అతనికి తప్పిపోయింది. ఆ మర్నాడే గేటుకి ఒక బోర్డు వెలసింది: "'ఈ ఒక్కసారికి' అన్న మాట ఈ ఇంట్లో చెల్లదు."

సోమవారం పొద్దున్న మాస్టారు లైబ్రరీ హాల్లో ఇంటి అలవాట్ల మీద మాట్లాడాలి. బయల్దేరే ముందు, ఖాళీ అయిన తేనె సీసాని మళ్లీ వాడుకోవచ్చు కదా అని కడగడానికి కూర్చున్నారు. సబ్బు చేతుల్లోంచి సీసా జారి భళ్లున పగిలింది. గాజుపెంకుల్ని పాత పేపర్లో నాలుగు మడతలు చుట్టి, దారం కట్టి, చెత్తబండి తెచ్చే ఆవిడ చేతికే ఇవ్వాలి. ఈ పద్ధతి వీధి మొత్తానికి నేర్పింది ఆయనే. పేపర్లేమో ముందుగదిలో ఉన్నాయి. బయట ఆటోవాడు హారన్ కొట్టి చంపేస్తున్నాడు. వీధి మొదట్లో చెత్తబండి గంట వినిపిస్తోంది. భార్య స్నానాల గదిలో ఉంది. ఎవరూ చూడటం లేదు.

మాస్టారు పెంకులన్నీ ఊడ్చి, బంగాళాదుంపల తొక్కులతో కలిపి పచ్చడబ్బాలో కుమ్మరించేశారు. పైన మరో గుప్పెడు తొక్కులు కప్పారు. 'ఈ ఒక్కసారికి' అనుకున్నారు మనసులో. హాల్లో చప్పట్లు బాగా పడ్డాయి. ఆ సంబరంలో సీసా సంగతే మర్చిపోయారు.

మర్నాడు బండితో ఎవరో కొత్తవాడొచ్చాడు.

"రోజూ వచ్చే అక్క రాదు సార్. నిన్న మీ గేటు దగ్గరే చెయ్యి తెగింది. డబ్బా అడుగున ఇరుక్కున్నది లాగబోతే గాజుపెంకు దిగింది. అరచేతిలో ఆరు కుట్లు."

మాస్టారు పచ్చడబ్బా వంక చూశారు. ఈలోగా ఎదురింటావిడ గేటు దాటి వచ్చేసింది.

"ఇంకెవరు? మేడమీది మహానుభావుడే!"

తువ్వాలు భుజానేసుకుని మెట్లు దిగుతున్న డ్రైవరు అక్కడే ఆగిపోయాడు. "ఒట్టు, నేను కాదండీ! ఆ రోజు తిన్న తిట్లకి ఇప్పటికీ సీసా చూస్తే నాకు వణుకు."

ఇద్దరూ మాస్టారి వంక చూశారు. తీర్పు చెప్పేది ఆయనే మరి. మాస్టారు నోరు తెరిచారు. నిజం చెప్పాలనే తెరిచారు. తీరా బయటికొచ్చింది మాత్రం ముప్పై ఏళ్ల అలవాటు.

"సరే, అయిందేదో అయింది. ఇకముందైనా చూసుకోవాలి బాబూ."

డ్రైవరు ముఖం చిన్నబోయింది. తప్పు చేసి తిన్న తిట్లకి నవ్వేసే మనిషి, ఈ మాటకి వెనక్కి తిరిగి పైకెళ్లిపోయాడు.

ఆ పూట మాస్టారు అన్నం సగంలోనే వదిలి లేచారు. ఇంత వయసొచ్చి, ఇంత పేరు పెట్టుకుని, చేసిన వెధవపని ఇంకొకడి నెత్తిన రుద్దానన్న సిగ్గుతో ఆయన అద్దంలో కూడా ముఖం చూసుకోలేకపోయారు.

"తేనె సీసా ఏదండీ? కడుగుతానన్నారుగా?" అంది భార్య.

"పగిలింది."

ఆవిడ గరిటె చేత్తో అలాగే నిలబడిపోయింది. విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. "ఆ డ్రైవరబ్బాయి ఇందాక మన గుమ్మం వంక కూడా చూడకుండా వెళ్లాడండీ" అంది.

"చెప్పేస్తానే. బండి ఆవిణ్ణి రానీ."

ఆవిడ వస్తే చెబుతాననడం కూడా తప్పించుకోవడమేనని ఆయనకి తెలుసు. డ్రైవరు రోజూ ఆ మెట్లు దిగుతూనే ఉన్నాడు. ఆ చెప్పుల చప్పుడు వినపడగానే మాస్టారు పెరట్లోకి జారుకునేవారు.

ఎనిమిదో రోజున బండి అక్క వచ్చింది. కుడిచేతికి కట్టు ఉంది. మాస్టారు గేటు దగ్గరికెళ్లి, ఎలా మొదలుపెట్టాలో తెలీక "నొప్పి తగ్గిందామ్మా?" అన్నారు.

"తగ్గింది మాస్టారూ. తప్పు నాదే. మిగతా ఇళ్లల్లో ఇనపకడ్డీతో కెలికి చూస్తే గానీ చెయ్యి పెట్టను. ఈ ఒక్క డబ్బా దగ్గరే కడ్డీ బండిలో వదిలేసి వస్తా, మీరు చూసుకుంటారు కదాని. పాపం, ఆ డ్రైవరు తమ్ముణ్ణి ఏమీ అనకండి. నిద్రమత్తులో వేసుంటాడు."

 మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఈసారి మాస్టారు కదల్లేదు.

"అతను కాదమ్మా. నేనే. సీసా పగిలితే హడావిడిలో తొక్కుల కింద కప్పెట్టి పడేశాను. అందరూ అతన్ని అంటుంటే నోరు మూసుకున్నాను. మూసుకోవడమేంటి, నేనూ ఓ మాటన్నాను."

వాకిలి ఊడుస్తున్న ఎదురింటావిడ చీపురు ఆగిపోయింది. బండి అక్క కట్టున్న చేతిని చూసుకుని, మాస్టారి ముఖంలోకి చూసింది.

"మీరా?"

అంతే అంది. నాలుగు తిట్టినా బాగుండునని మాస్టారికి అనిపించింది. ఆవిడ ఎడమచేత్తో డబ్బా ఒంపుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

మాస్టారు మెట్ల మీద ఆగిన డ్రైవరు వైపు తిరిగారు. "తప్పైపోయింది నాయనా. ఆ రోజే చెప్పాల్సింది."

డ్రైవరు ఆయన పక్కనుంచే గేటు దాకా నడిచాడు. బోర్డు ముందు ఆగి దాన్నోసారి చదివాడు. "ఈ ఒక్కసారికి వదిలేస్తున్నా మాస్టారూ" అన్నాడు, నవ్వకుండా. డ్యూటీకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న గంట వినపడగానే మాస్టారు గేటు దగ్గరికెళ్లి నిలబడ్డారు. బండి అక్క ఎప్పట్లాగే పలకరించింది, మొక్కలెలా ఉన్నాయని అడిగింది. తర్వాత బండిలోంచి ఇనపకడ్డీ తీసి, అన్ని ఇళ్ల దగ్గరా చేసినట్టే, పచ్చడబ్బాలో అడుగుదాకా గుచ్చి మూడుసార్లు కెలికింది.

మాస్టారు డబ్బా ఒరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.