నలభై మెడల గౌను

ఏజెంటు గంగరాజు గారూ, గోడౌను వాళ్ళూ, అరుగుల మీద కూర్చుని నా తల గురించి తీర్పులు చెబుతున్న వీధి పెద్దలూ, ఇది మీరు చేసిందే. సోమవారం దాకా నేను మోచేతుల నుంచి వేళ్ళ చివర్ల వరకే ఉన్నాను. మిగతా నన్ను మీరు రానివ్వలేదు.

ముప్ఫై ఏళ్ళుగా నా రెండు చేతులు గుమ్మంలో చాప మీద కూర్చుని లేసు అల్లుతున్నాయి. ఎనిమిది రేకుల పువ్వు. అదొక్కటే. ఎదురింటి వీరమణి చేతులు అంచు అల్లుతాయి. పక్కింటి సువార్తమ్మ చేతులు అతుకు పని చేస్తాయి. పువ్వుని పువ్వుతో, పువ్వుని అంచుతో కలుపుతాయి. అలా కలిపింది చివరికి ఏమవుతుందో మా వీధిలో ఎవరూ చూడలేదు. దుప్పటో, గౌనో, ఎవరి పెళ్ళి ముసుగో. అది ఓడెక్కి పోతుంది.

దారం చేతులకి వస్తుంది. చేతులు పువ్వులిస్తాయి. మధ్యలో తలతో ఎవరికీ పని పడలేదు కాబట్టి తల లేదు. గొంతు మాత్రం ఉంది. అదెక్కణ్ణుంచి వస్తోందని మా ఆయన పోతురాజు కూడా అడగలేదు. చేపల పులుసు తింటాడు, నా చేతుల వైపు చూస్తాడు, "ఉప్పు తక్కువైందే" అంటాడు, లేస్తాడు.

సోమవారం పొద్దున సంతలో రాణీ రంగు డబ్బా కొంటాను. ఎందుకని అడక్కండి. మీ గుమ్మానికి పసుప్పచ్చ రంగెందుకు వేశారని నేనడిగానా? ఇంటికొచ్చి, చేతులకి ఎంత ఎత్తులో తల ఉండాలో అంచనా వేసి, అక్కడి గాలికి రంగు పూస్తాను. పూసిన చోటల్లా జుట్టు ఉంది. మందారాలు కుప్ప పోసినట్టు, నడుం దాకా ఉంది. నడుం లేదు. అదెక్కడుండాలో జుట్టు చెబుతోంది.

పోతురాజు వల భుజానేసుకుని వస్తాడు. నన్ను చూసి గుమ్మంలోనే చెప్పులు విప్పుతాడు. మా ఇంట్లోకి అతను చెప్పులు విప్పి రావడం ఇదే మొదలు.

"కూర్చోండమ్మా. ఏ ఊరండి తమరిది?"

"ఈ ఊరే. నేను పేరంటాల్ని."

"ఆయ్, పేరంటాలు మా ఆవిడండి. దాని చేతులు ఇక్కడే ఎక్కడో ఉంటాయి. ఒసేయ్, చుట్టాలొచ్చారు, టీ పెట్టవే!"

నా చేతులు లేచి వెళ్ళి టీ పెడతాయి. ఆయన గ్లాసు అందుకుని, రెండో చెయ్యి కింద పట్టి మరీ నాకిస్తాడు. ఈ ఇంట్లో నాకింత మర్యాద ఎన్నడూ జరగలేదు. తాగాలో ఏడవాలో తెలియదు. తాగుతాను. నాకు నోరుందని అప్పుడే తెలుస్తుంది. నాలిక కాలుతుంది. నాలిక కూడా ఉంది.

మంగళవారం పొద్దున గంగరాజు గారు మోటారు సైకిలు మీద దారం పెట్టెతో వస్తారు. నా ఎదురుగా నిలబడి చాలాసేపు చేతుల వైపే చూస్తారు. పైకి చూడ్డం ఆయనకి అలవాటు లేదు. మెడ పట్టేసినవాడిలా మెల్లగా చూపు ఎత్తుతారు.

"ఏంటిది?"

"తలండి."

"తలెందుకు? మేం దారం చేతులకిచ్చాం."

"జుట్టుకి రంగేశానండి. దాని కింద వచ్చింది."

"తెల్ల దారం పక్కన ఆ రంగేంటి? అంటుకుంటే?"

"ఆరిపోయిందండి. అంటుకోదు."

"ఆరిన రంగుతోనే భయం. తడిదైతే కడుక్కుంటాం."

ఆయన మీసం ప్రతి ఆదివారం నల్లబడుతుందని ఊరందరికీ తెలుసు. ఆ మాటే అంటాను. "మరి తమరి మీసానికి రంగు లేదాండి?"

"అది రంగు కాదు. నలుపు."

అందులో తప్పుందని తెలుస్తోంది. ఎక్కడుందో తెలియడం లేదు. నేను వెతుక్కుంటూ ఉండగానే ఆయన పెట్టె మూత వేసేస్తారు.

"రేపు మధ్యాహ్నానికి ఆ తల నల్లగా అయినా ఉండాలి, అసలు లేకుండా అయినా ఉండాలి. లేదంటే ఈ వీధికే దారం రాదు. నీ ఒక్కదానికే కాదు. నలభై గడపలకీ."

బండి వెళ్ళిపోతుంది. ఎదురింటి గుమ్మంలోంచి వీరమణి గొంతు లేస్తుంది. గొంతు వెనక రెండు చేతులు ఊగుతుంటాయి.

"నీ సోకు మా నోటికాడ కూడు తీసేత్తంది వదినా! ఈ వయసులో రాణీ రంగా? ముసలాడికి దసరా వేషంలాగ!"

"నాకు వయసెంతో నీకు తెలుసా?"

"చేతులు చూత్తే యాభై ఉంటాయి."

"తల చూస్తే?"

వీరమణి తడబడుతుంది. "తల నిన్నేగా వచ్చింది," అంటుంది. "దానికి ఒక్కరోజు."

ఇదీ చిక్కు. తల నల్లగా చేస్తే అది ఉండదు, నాకు తెలుసు. రంగు వల్ల వచ్చింది, రంగుతోనే పోతుంది. ఉంచుకుంటే నలభై ఇళ్ళ పొయ్యిల్లో మంట పోతుంది. ఏది సరైనదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ మీద నాకు నమ్మకం లేదు.

అయితే ఒకటి మాత్రం అర్థమైంది. కింద ఏమీ లేకుండా తల ఒక్కటే నిలబడి అలిసిపోతోంది. దానికి ఒళ్ళు కావాలి. ఒళ్ళు కావాలంటే బట్ట కావాలి.

నాకు కావలసిన బట్ట ఏదో నాకు స్పష్టంగా తెలుసు. గడ్డం కింద దాకా లేచే లేసు కాలరు. గాలి నిండిన బుట్ట చేతులు. మడమల దాకా అంతస్తులు అంతస్తులుగా కుచ్చుళ్ళు. రాణులు వేసుకునేది, పెళ్ళికూతుళ్ళు కలగనేది, మేం అల్లి పంపేది. ముప్ఫై ఏళ్ళుగా గోడౌను నుంచి తిరిగొచ్చిన పువ్వులు బిస్కెట్ల డబ్బాల్లో దాచాను. ఒక రేకు తగ్గిందనో, బిగువు చాలలేదనో వెనక్కి పంపినవి. వాటిని తెచ్చి భుజం ఉండాల్సిన చోట పెడతాను. పెట్టిన చోట భుజం ఉంది.

సువార్తమ్మని పిలుస్తాను. ఆమె చేతులు సూదితో వస్తాయి.

"కలుపు."

"ఏమవుద్దే ఇది?"

"నేను."

"సరే," అని మొదలుపెడుతుంది. ఆమెకి కారణాలు అక్కర్లేదు. రెండు అంచులు పక్కపక్కన ఉంటే చాలు.

ఒళ్ళు ఒక్కొక్క ముక్కగా వస్తుంది. అన్నీ ఒకే వయసులో రావడం లేదు. ఎడమ భుజం కుడిదాని కన్నా పెద్దది, నీళ్ళ బిందెలు మోసినట్టు వంగి ఉంది. బుట్ట చేతులు గాలితో ఉబ్బుతాయి, లోపల దండచెయ్యి ఉంది, దాని మీద చిన్నప్పటి టీకా మచ్చ ఉంది. నాకు చిన్నతనం ఉందని ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళు వస్తాయి. వాటిలో ఒకటి ఇంకా పరిగెడుతోంది. ఎవరి నుంచి పరిగెడుతోందో అడుగుతాను. మోకాలికి నోరు లేదు.

"పేరంటాలూ, ఎక్కడ ఆపాలే?"

"నాకేం తెలుసు? గౌను ఎక్కడ అయిపోతుందో నువ్వే చెప్పాలి."

"నేనెప్పుడు చూశానే? ఏజెంటు 'చాలు' అంటాడు, నేను ఆపుతాను. ఆపడం నాకెవరూ నేర్పలేదు."

ఏజెంటు లేడు. సువార్తమ్మ ఆపలేదు. పువ్వులైపోతే అంచు, అంచైపోతే తన చీర చెంగు. నా బుట్ట చెయ్యి తన మణికట్టుకి కలిసిపోతుంది. లేసు ఆమె చేతి మీదుగా పైకి పాకుతుంది. పాకిన చోట ఆమె ఉంది. మెడ వస్తుంది. మెడ ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటుంది, పైన ఏం పెట్టుకోవాలో తెలియక.

"డబ్బాలో రంగు మిగిలిందా?" అంటుంది.

"రాణీ రంగే ఉంది."

"నాకొద్దమ్మా, అది నీది. నాకు నెమలి రంగు కావాలి."

"పాస్టరు గారేమంటారో?"

"ముసుగేసుకోమంటారు. వేసుకోవడానికైనా తలుండాలి కదే."

నెమలి రంగు మా వీధిలో లేదు. సువార్తమ్మ గట్టిగా అనుకుంటుంది, డబ్బాలో ఉంది. మేం పూస్తాం.

వీరమణి తిట్టడానికి గుమ్మం దిగి వస్తుంది. ఆమె చేతిలో సగం అల్లిన అంచు వేలాడుతోంది. అంచు కనబడితే సువార్తమ్మ సూది ఊరుకోదు.

"వదలండే! నాకొద్దు తల! తలొత్తే తలనొప్పొత్తాది!"

తల వస్తుంది. నిజంగానే నొప్పి వస్తుంది. వీరమణి కణతలు పట్టుకుని కూలబడుతుంది. అప్పుడు తన బుగ్గలు తన చేతికి తగులుతాయి. వాటిని తడిమి చూసుకుంటుంది. తరవాత, "కనకాంబరం రంగు," అంటుంది. "తెత్తే అదే తేండి. వేరేది పూత్తే కొడతాను."

బుధవారం పొద్దెక్కేసరికి మేం నలభై మందిమి ఒకే గౌనులో ఉన్నాం. నలభై మెడలు, నలభై కాలర్లు, నలభై రంగుల జుట్టు. చిలకపచ్చ ఉంది, వంకాయ రంగు ఉంది, ఎవరూ పేరు పెట్టనిది ఒకటుంది. గౌను వీధంతా పరుచుకుంది. గడువు మధ్యాహ్నం దాకే, ఆ లోపు దారం అడగడానికి గోడౌనుకి పోవాలి, నడుస్తాం. పాదాలు లెక్కపెడితే డెబ్భై తొమ్మిది. తగ్గిన పాదం ఎవరిదో తేలదు, కాబట్టి అందరం కొంచెం కొంచెం కుంటుతాం.

కాలవ గట్టు మీద పోతురాజు ఎదురొస్తాడు. నలభై తలలకీ ఒక్క దణ్ణం పెడతాడు.

"మా పేరంటాలు మీలో ఎవరండి?"

మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటాం. నాకు తెలిసినట్టే ఉంది, కానీ నోరు తెరిస్తే ఏ నోరు తెరుచుకుంటుందో నమ్మకం లేదు. నిన్నటి దాకా నాకు నేనే తక్కువ. ఇవాళ నేను ఎక్కడ అయిపోతానో చెప్పలేను. ఆయన జవాబు కోసం చూసి చూసి, వంగి, బురదలో ఈడుస్తున్న కుచ్చుళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుంటాడు. మా వెనకాలే నడుస్తాడు.

మేం వచ్చే వైపు గోడౌనుకి తలుపు లేదు. రెండు చేతులు పట్టేంత కిటికీ ఒకటుంది. వచ్చినవి ఎప్పుడూ చేతులే కదా, మీకు తలుపుతో పనేముంది? ఊచల వెనక గంగరాజు గారి మొహం కనిపిస్తుంది. ఆయన మా వైపు చూస్తారు. ఎంత చూసినా చివర కనిపించదు.

"చాలు!" అని అరుస్తారు. "సువార్తమ్మా, చాలు!"

ముప్ఫై ఏళ్ళ అలవాటు. సూది ఆగుతుంది.

అది ఆగగానే నా మోకాళ్ళు పల్చబడతాయి. దండచేతి మీద మచ్చ చెరిగిపోతుంది. ఎవరివో చుబుకాలు కాలర్లలోకి దిగిపోతుంటాయి. సువార్తమ్మ కళ్ళు నీళ్ళతో గంగరాజు గారి వైపే ఉన్నాయి. ఆమెను తప్పు పట్టను. ఆ మాట వినడం ఆమె వేళ్ళకి అన్నం తినడంలాంటిది.

"ఏంటి చాలు?" అంటుంది వీరమణి. తల వద్దన్న వీరమణి. "నా వీపు ఇంకా రాలేదు. ఒసేయ్ సువార్తా, నీకు చెప్పాల్సింది ఆడా, నేనా?"

సువార్తమ్మ ఊచల వైపు చూస్తుంది, వీరమణికి వీపు లేని చోటు చూస్తుంది. సూది కదులుతుంది, చెరిగినవన్నీ తిరిగి వస్తాయి. వీపు పూర్తవుతుంది. పక్కనున్న అంచు దొరుకుతుంది, అది కిటికీ ఊచ. దాన్నీ కలుపుతుంది.

లేసు గోడ ఎక్కుతుంది. ఎక్కిన చోటల్లా సున్నం కింద చర్మం ఉంది. వెచ్చగా ఉంది. పెంకుల కింద మెడ లేస్తుంది, రెండు మూలల్లో రెండు భుజాలు గోడల్ని పక్కకి తోసుకుని సర్దుకుంటాయి. గోడౌనే ఒక ఆవిడ, చాలా పెద్దది. మేం ముప్ఫై ఏళ్ళుగా ఇచ్చిన పువ్వులన్నీ ఆవిడ కడుపులో కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ జుట్టు ఇంకా ఏ రంగూ లేక, నీళ్ళలా, వెనక్కి జారి కాలవలో పడుతోంది. ఎండ అందులోంచి అవతలికి పోతోంది. పడవలు ఆ జుట్టులో చిక్కుకుని ఆగిపోయాయి.

ఆవిడ ఒక అరచెయ్యి నేల మీద ఆనించింది. లేవబోతోంది.

గంగరాజు గారూ, లోపలున్న వాళ్ళూ, ఇప్పుడు మీరు చెయ్యాల్సింది చెబుతున్నాను. ముందు ఆ పెట్టెలన్నీ విప్పండి, దారం నలభై ఇళ్ళకీ మీరే మోసుకెళ్ళి ఇవ్వండి. బయటికి వచ్చేటప్పుడు చెప్పులు విప్పి రండి, మీరు నడుస్తున్నది ఆవిడ ఒంటి మీద. తరవాత ఊళ్ళో ఉన్న కాగులన్నీ కాలవ గట్టుకి తెచ్చి పొయ్యిలు వెలిగించండి. ఆవిడ చెవి దగ్గరికి నిచ్చెన వేసుకుని ఎక్కి, ఏ రంగు కావాలమ్మా అని మీరే అడగండి. మీ నోటితో అడగండి. ఏది చెబితే అది కలపండి. ఇప్పుడే కలపండి, ఆవిడ రెండో చెయ్యి కూడా నేల మీద పెట్టింది.