శ్రీదుర్గకి సొరపిట్టు

ఇప్పుడంటే గుడివాడలో ఏ హోటల్లో అడిగినా సొరపిట్టు దొరుకుతుంది. ముప్పయ్యేళ్ల కిందట దాన్ని బోర్డు మీద రాసిన మొనగాడు పెద్దిరాజు ఒక్కడే. జనం నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. "బాలింతలకి పాలు పడాలని పెట్టేది మగాళ్లకి వడ్డిస్తావేంటయ్యా?" అని ఎకసెక్కాలాడినవాళ్లే రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. సొరచేపని ఉడికించి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయించే ఆ దివిసీమ పల్లెకారుల వంటకి పెళ్లి విందుల్లో చోటు తెచ్చింది అతనే.

ఊరందరికీ వండాడు గానీ, కూతురు శ్రీదుర్గ పుట్టినప్పుడు భార్య రామలక్ష్మికి మాత్రం వండి పెట్టలేదు. ఆ వారమంతా పామర్రులో ఎవరిదో పెళ్లి వంట. రామలక్ష్మి పోయేదాకా ఆ మాట దెప్పుతూనే ఉంది. కూతురి కాన్పుకైనా తన చేత్తో పెట్టాలని పెద్దిరాజు కాచుకుని ఉన్నాడు.

నొప్పులొచ్చాయని, బందరు ఆసుపత్రిలో చేర్చామని అల్లుడు నాగబాబు పొద్దున్నే ఫోన్ చేశాడు. కాన్పు కబురు అందాకే సొర పొయ్యెక్కించడం వాళ్ల ఆనవాయితీ. పెద్దిరాజుకి ఆత్రం ఆగలేదు. ఏ కబురూ రాకముందే వండి, క్యారేజీ సర్దుకుని బస్సెక్కాడు.

వరండాలో నాగబాబు ఎదురొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆడపిల్ల మావయ్యా. గంట కూడా బతకలేదు. దుర్గకింకా చెప్పలేదు. పాపని వెచ్చగా ఉంచడానికి అద్దాల పెట్టెలో పెట్టారన్నాం. మీరూ అదే చెప్పండి."

పెద్దిరాజు క్యారేజీతోనే లోపలికి వెళ్లాడు. దుర్గ అప్పటికే వాసన పట్టేసింది.

"సొరపిట్టే కదా నాన్నా? తొందరగా పెట్టు. పాపని తెచ్చేసరికి పాలు పడాలి."

మూత తీశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇది తింటే పాలు పడతాయి. తాగే నోరు లేక అవి గడ్డకట్టి సలుపుతుంటే దుర్గ ఏమైపోతుంది? నోటితో అబద్ధం ఆడేవాడేమో గానీ, చేత్తో ఆడలేకపోయాడు. ముప్పయ్యేళ్లు అందరికీ పెట్టి, కన్నకూతురికి పెట్టలేకపోతున్న ఆ చెయ్యంటేనే అతనికి అసహ్యం వేసింది.

"ఇవాళ వద్దమ్మా. ఇడ్లీ తెప్పిస్తాను."

"బాలింతని కదా నాన్నా. నాకెందుకు వద్దు?"

అతను మూత పెట్టేశాడు. దుర్గ ఆ క్యారేజీ వంక, ఆ తర్వాత తండ్రి ముఖం వంక చూసింది.

"పాప లేదా నాన్నా?"

"లేదు తల్లీ," అన్నాడు పెద్దిరాజు.