తాడు పట్టే చెయ్యి

సైదులు తేనెబండ కింద కూర్చుని తాడు పట్టుకొని ఉన్నాడు, నీలం మీద ఎర్రగీతలున్న ఆ తాడు అతని నడుము దగ్గర మొదలై అరచేతుల్లోంచి మెల్లగా జారుతూ పైకి, పొగలోకి పోతోంది, ఆ పొగ ఎక్కడిదో తెలియదు గానీ అడవి తగలబడే పొగ మాత్రం కాదు, మా అత్తగారు కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తున్నప్పుడు వచ్చే కమ్మటి పొగ. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. ఒంటి మీద ఫైర్ వాచర్లకిచ్చే ఖాకీ చొక్కా ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు, అయినా ఎండకు మాడిన రాయి అరికాళ్ళను కాల్చడం లేదు.

"పైన ఎవరున్నర్రా?" అని అడుగుతాను.

"నువ్వే గద బావా," అంటాడు తల తిప్పకుండా. "జర ఊకో. నడిమిట్ల మాట్లాడిస్తే నా ధ్యాస చెడుతది."

అది నాకు వింతగా అనిపించదు. పైన నా వేళ్ళు రాతి పగులులో ఇరుక్కుని నొప్పి పెడుతున్నట్టు ఇక్కడ కింద నిలబడిన నాకు తెలుస్తూనే ఉంది. వింతగా అనిపించేది ఒకటే, సైదులు పోయిన వానాకాలం పచ్చకామెర్లతో చనిపోయాడు, నిలువెత్తు కొండల కింద నిలబడి చెమట చుక్క రానివ్వని మనిషి మంచం మీద పడుకుని పోయాడు, పాడె మోసిన నలుగురిలో నేనొకడిని. ఆ మాట అతని మొహం మీద అనడం మర్యాద కాదనిపిస్తుంది.

సైదులు నా భార్య అండాలుకు తమ్ముడు, అంటే నాకు స్వయానా బామ్మర్ది. మాది భువనగిరి, కోటగుట్ట నున్నటి బండ మీదే ఇద్దరం ఎక్కడం నేర్చుకున్నాం, నేర్చుకున్నాక ఆ ఒక్క బండ మాకు సరిపోలేదు. శేషాచలం అడవుల్లో, నేషనల్ పార్కు లోపల, ఎండాకాలం అగ్గి కాపలాకు మనుషుల్ని తీసుకుంటారని ఎక్కడో కనుక్కొచ్చింది సైదులే. ఎండుటాకులు ఊడ్చి నిప్పు దాటకుండా బాటలు చేయడం, గుట్ట మీద నుంచి పొగ కోసం చూడడం పని, వారానికో రోజు సెలవు, ఆ రోజు రేంజర్ గారి అనుమతితో మేము తేనెబండ లాంటి ఎర్రటి కొండచరియలెక్కేవాళ్ళం, పుణ్యానికి పుణ్యం పురుషార్థానికి పురుషార్థం. ఇంత దూరం నుంచి ఈ జీతానికి వచ్చేవాళ్ళు దొంగలైనా అయ్యుండాలి, పిచ్చివాళ్ళైనా అయ్యుండాలి అని ఆఫీసులో నవ్వారు. రెండోదే అని తేల్చుకున్నాక తీసుకున్నారు.

"రొట్టె తింటవా?" అని సైదులు అడుగుతాడు, రెండు చేతులూ తాడు మీదే ఉన్నా అతని ఒళ్ళో స్టీలు డబ్బా ఉంది, మూత నేను తీస్తాను, లోపల రొట్టెలు లేవు, ఎండిన మద్ది ఆకులు మడతలు పెట్టి ఉన్నాయి, నేను ఒకటి విరిచి తింటాను, రొట్టె రుచే వస్తుంది.

"పెద్ద తేనీగలు పోయినయంట," అంటాను నములుతూ. ఇది చెప్పడానికే వచ్చానని అప్పుడు గుర్తొస్తుంది. "అడవి కాడి నుంచి పోలయ్య ఫోన్ చేసిండు. ఈ ఏడు బండ ఖాళీగ ఉందంట."

తాడు జారడం ఆగుతుంది. తేనెబండ సగం పైన బయటికి ఉబ్బిన పొట్ట ఒకటుంది, దాని కింద మేము కాపలా కాసిన రెండు వేసవులూ చాటలంత తేనెపట్లు వేలాడుతుండేవి, మేము రెండుసార్లూ ఆ పొట్ట కిందిదాకా పోయి, ఈగల జోలికి పోకుండా బుద్ధిగా దిగి వచ్చాం. పై ఏడు చూద్దాం అని దిగొచ్చిన ప్రతిసారీ సైదులే అనేవాడు. పై ఏడు వచ్చింది, బండ ఖాళీ అయింది, అనేవాడు లేడు, నాకు హఠాత్తుగా ఏడుపొస్తుంది.

"ఏడ్వకు బావా, పైనున్నోనికి కళ్ళు కనబడయ్," అంటాడు సైదులు.

నేను కళ్ళు తుడుచుకుంటాను. పొగలోంచి తాడు రెండుసార్లు గుంజుకుంటుంది, 'పట్టుకున్నావా' అని అడగడానికి మా ఇద్దరి గుర్తు అది, సైదులు కూడా రెండుసార్లు లాగి జవాబిస్తాడు, పైనున్న నాకు ధైర్యం వచ్చినట్టు కింద ఉన్న నాకు తెలుస్తుంది.

ఇంతలో కొండ మారిపోయింది, లేదా మొదటి నుంచీ ఇంతేనేమో, ఎర్రటి చరియ మా భువనగిరి బండ అయింది, దాని అడుగున బస్టాండు ఉంది, బెంచీల మీద జనం సంచులు ఒళ్ళో పెట్టుకుని పైకి చూస్తున్నారు, మైకులో ఎవరో ఊళ్ళ పేర్లు చదువుతున్నారు గానీ అన్నీ నేను ఊడ్చిన బాటల పేర్లే. సైదులు మాత్రం కూర్చున్న చోటే ఉన్నాడు, తాడూ అలాగే ఉంది. నాకు ఆ బస్సు ఎక్కాలని ఉంది, ఎక్కకూడదనీ ఉంది.

"ఇంతకూ పోతున్నవా, లేదా?" అని అడుగుతాడు.

"రేపటికల్లా చెప్పమన్నరు. ఈ ఏడు అగ్గి కాపలాకు పేర్లు రాసుకుంటున్నరంట."

"చెప్పు మరి."

"ఎట్ల చెప్పాల్రా? నువ్వు పోయిన కాంచి నేను తాడు ముట్టలే. మా అన్న వస్త అంటున్నడు, తాడు పడత అంటున్నడు."

సైదులు నవ్వుతాడు. బతికుండగా నవ్వినట్టే, ముందు భుజాలు కదిలి తరువాత గొంతు వస్తుంది. "లింగస్వామన్ననా? ఒక చేతిల తాడు, ఒక చేతిల సెల్లు. నువ్వు పడ్డవన్న సంగతి ఆయనకు వాట్సాప్‌ల తెలుస్తది."

నాకు కోపమొస్తుంది, నవ్వూ వస్తుంది, మా అన్నను ఎవరైనా అంటే పడను గానీ ఇది మాత్రం అబద్ధం కాదు. అన్న మంచివాడే, పంపకాల దగ్గర కూడా నాకు మంచి వాటాయే ఇచ్చాడు, కానీ ఒకసారి బావిలో బొక్కెన వేసి, ఎవరో పిలిచారని చేంతాడు వదిలేసి పోయిన మనిషి.

మొదటి ఏడాది మేము తేనెబండ ఎక్కడం చూసి పోలయ్య అడిగింది కూడా తాడు పట్టేవాడి గురించే. పోలయ్య మాతో పాటు అగ్గి కాపలా కాసేవాడు, వాళ్ళది తాతల నాటి నుంచి కొండతేనె తీసే ఇల్లు. తాడు గట్టిదా అని అతను అడగలేదు, కింద పట్టుకున్నవాడు నీకేమవుతాడని అడిగాడు. బామ్మర్ది అని చెప్పగానే నిమ్మళంగా కూర్చుని, బీడీ ముట్టించబోయి, తను అగ్గి కాపలావాడినని గుర్తొచ్చి దాన్ని చెవి మీద పెట్టుకున్నాడు. "తేనికి దిగేటప్పుడు మేము తాడు అన్నదమ్ముల చేతికియ్యం నాయనా," అన్నాడు. "అన్నదమ్ముడికి ఏ మూలో ఒక ఆశ ఉంటాది. బామ్మర్దికైతే వాళ్ళక్క బొట్టు ఆ తాడు కొసన ఏలాడతా ఉంటాది. వాడు సచ్చినా వదల్డు." ఆ రోజు నుంచి సైదులుకు దొరికింది సందు, బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అంటూ, తను వంట చేయాల్సిన వంతులు కూడా నాతోనే చేయించి కూర్చుని తినేవాడు.

"సచ్చినా వదల్డు అన్నడు గద పోలయ్య," అంటాను ఇప్పుడు. "మరి వదిలితివి గదరా."

నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నాకే భయమేస్తుంది, బస్టాండులో జనం అందరూ కొండ మీది నుంచి చూపు దించి నా వైపు చూస్తారు. సైదులు మాత్రం నొచ్చుకోడు. తన చేతుల వైపు చూపిస్తాడు, తాడు అరచేతిలో ఒక చుట్టు తిరిగి ఉంది, చూడు అన్నట్టు పిడికిలి కాస్త ఎత్తుతాడు.

"బావా, ఒకటి చెప్పనా? కోపానికి రావు గద?"

"చెప్పు."

"నేను నీ కోసం పట్టలే తాడు. మా అక్క కోసం పట్టిన."

నాకు చురుక్కుమంటుంది. ఇన్నాళ్ళూ ఆ చేతులు నా కోసమేనని, నేను ముందు ఎక్కే మొనగాడినని, అతను నన్ను చూసి మురిసిపోతున్నాడని అనుకున్నాను, నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువే అనుకున్నాను. అలిగి రెండడుగులు పక్కకు పోతాను, పోతే అది మా ఇంటి గడప, గడప అవతల మళ్ళీ తేనెబండే, సైదులు మళ్ళీ నా ఎదురుగానే.

"అలుగుతవేంది? నీ కోసమే అయితే ఎప్పుడన్న నీ మీద కోపమొచ్చి వదులుతుంటి," అంటాడు. "నీ మీద కోపం రాని దినమేదన్న ఉన్నదా? ఉప్పు లేని పప్పు పెట్టి కొండంత మాటలు చెప్తవ్."

అప్పుడు నవ్వక తప్పదు నాకు. నవ్వాక ధైర్యం చేసి అడుగుతాను, "మరి ఇప్పుడు ఎవరి చేతికియ్యాల్రా?"

"నువ్వు పడితె ఎవరి కొంప మునుగుతదో వాళ్ళ చేతికియ్యి."

"అట్లాంటోళ్ళు నాకెవరున్నరు?"

సైదులు మొదటిసారి తాడు మీది నుంచి చూపు తిప్పి నన్ను చూస్తాడు, అతని కళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి, కామెర్ల పచ్చదనం ఎక్కడా లేదు, అది చూసి నా గుండె నిండిపోతుంది. "చంకల పిల్లను పెట్టుకొని ఊరంత ఎతికినట్టున్నది నీ కథ," అంటాడు. "అక్క నిన్నేమడిగింది?"

అడిగింది నిజమే. పోలయ్య ఫోన్ పెట్టేయగానే అండాలు, నేనూ వస్తా అంది. పోలయ్య తన పెళ్ళాం పిల్లలతో అక్కడే క్వార్టర్లో ఉంటాడు కదా, ఆమె కూడా ఆకులు ఊడ్చే పని చేస్తుంది కదా అంది. పసిపిల్లతో అడవికా అని నవ్వేశాను. తాడు నేను పడతా అని కూడా అంది, దానికి ఇంకా పెద్దగా నవ్వాను.

"అది నా బరువుల సగముంటది," అంటాను సైదులుతో. "నేను జారితే అదే గాల్లోకి లేస్తది."

"నేనెంతున్న? జొన్నకట్టె లెక్క లేనా? మద్దిచెట్టుకు నడుము కట్టేసుకొనే గద పట్టింది." గొంతు తగ్గించి అడుగుతాడు, "నా కోడలు ఎట్లున్నది?"

పాప చలికాలంలో పుట్టింది, అతను చూడలేదు. నీ పోలికే, నిద్రలో నీలాగే భుజాలు కదిలిస్తుంది అని చెప్పాలి నేను, చెప్పడానికి నోరు తెరుస్తాను, నోరంతా మద్ది ఆకుల పొడి.

"తొట్టెల ఎవరు కట్టిన్రు?" అని అడుగుతాడు. "మేనమామ కట్టాలె గద."

దానికీ జవాబుంది నా దగ్గర, మంచి జవాబు, అది వింటే అతను ఎంత సంతోషిస్తాడో నాకు తెలుసు, కానీ గొంతులోంచి మాట రాదు, పొగ కిందికి దిగుతోంది, బస్సు హారన్ కొడుతోంది, సైదులు మొహం పొగలో కలుస్తుంటే నేను అతని చేతుల్నే చూస్తూ ఉంటాను, పైనుంచి తాడు రెండుసార్లు గుంజుకుంటుంది, సైదులు చేతులు కదలవు, జవాబు ఇవ్వరా, పైన నేనున్నాను, జవాబు ఇవ్వు అని అరవాలనుకుంటాను.

కళ్ళు తెరిచాను. మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయింది, ఫ్యాను ఆగి మెడ కింద దిండంతా చెమటతో తడిసింది. బయట బస్సు హారన్ ఇంకా మోగుతూనే ఉంది.

పైన కొక్కేనికి చీర తొట్టెల వేలాడుతోంది. దాన్ని ఊపడానికి కట్టింది నీలం మీద ఎర్రగీతల తాడు, సైదులు పాత తాడులోంచి కోసిన ముక్క, మేనమామ తరపున ఏదో ఒకటి ఉండాలని అండాలే కట్టింది. ఆమె కింద చాప మీద గోడ వైపు తిరిగి గాఢనిద్రలో ఉంది. తాడు కొస అరచేతికి ఒక చుట్టు తిరిగి ఉంది.

తొట్టెలలో పాప కదిలింది, తాడు గుంజుకుంది. అండాలు లేవలేదు, కళ్ళు తెరవలేదు, చెయ్యి మాత్రం రెండుసార్లు లాగింది. పాప సర్దుకుంది.

పాపం పొద్దున్నుంచీ అలసిపోయింది కదా, కాసేపు నేను ఊపుదామని వంగి, ఆమె వేళ్ళ మధ్య నుంచి తాడు మెల్లగా తీయబోయాను. నిద్రలోనే పిడికిలి బిగించింది. ఇంకొంచెం లాగి చూశాను, ఇంకా బిగించింది.

వదిలేసి చాప పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె లేచాక పోలయ్యకు ఫోన్ చేసి రెండు పేర్లు రాయించాలి.