బడిలో రాసిన తేదీ

కాదని చెప్పడానికి ఇంకా సమయం ఉంది, బోటు దిండి రేవు వదిలి పావుగంట కూడా కాలేదు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ల్యాబ్ నుంచి, ఏదో అర్జెంటు శాంపిలట" అంటే చాలు, సరంగు వెనక్కి తిప్పుతాడు, వీళ్ళిద్దరూ కాసేపు చిన్నబుచ్చుకుంటారు, తర్వాత నేను లేకుండానే ఈ రెండు రోజులూ హాయిగా గడుపుతారు. నిజానికి నేను లేకపోతే ఏ పూటైనా ఇంకాస్త హాయిగా గడుస్తుందని నాకొక నమ్మకం. నమ్మకం అనడం కూడా పెద్ద మాటే. ముక్కు ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది, అయినా మనిషి దాన్ని చూడడు. ఇదీ అలాంటిదే.

జులై ఒకటి, శనివారం. గోదావరికి కొత్త నీరు తగిలి వసిష్ఠ పాయ ఎర్రబడింది. పైన మబ్బు, వాన లేదు. బోటు ముందు భాగంలో ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీకి రంగు కాగితాలు చుట్టి పెట్టారు. అది నాకోసం. నేను మాత్రం వెనక, వంటగది పక్కన, గ్యాస్ సిలిండర్‌కి ఆనుకుని నిలబడ్డాను.

"అప్పాజీ గారండి, అక్కడ కాదండి, ముందుకి రండి" అన్నాడు రోడెల్. చేతిలో గరిటె ఉంది. "ఇవ్వాళ మీకు పనేం లేదండి. కూర్చోవడమే పనండి."

రోడెల్‌ది ఫిలిప్పీన్స్. మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఒక హేచరీలో రొయ్యపిల్లల్ని పెంచే టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. తెలుగు అక్కడి కూలీల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి ప్రతి మాటకీ 'అండి' తగిలిస్తాడు. కుక్కని కూడా "పక్కకెళ్ళండి" అంటాడు. అతని పక్కన కొత్తిమీర తుంచుతున్న ఆవిడ నోయ్. థాయిలాండ్ మనిషి. భీమవరం దగ్గర మేత ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తుంది. ఆవిడకి తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, మిగతాదంతా ఇంగ్లీషు. నా పని భీమవరంలోనే, రైతులు సంచుల్లో తెచ్చే రొయ్యపిల్లల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, వీటిని చెరువులో వదలొచ్చో లేదో చెప్పడం. ఒంటరిగా చేసే పని. ఒక కన్ను మూసుకుని చేసే పని. నాకు సరిపోయింది.

నోయ్ నేనుండే ఇంట్లోనే కింది వాటాలో ఉంటుంది. లాక్‌డౌన్ రోజుల్లో విదేశీ మనిషిని ఖాళీ చేయించమని వీధిలో వాళ్ళు గొడవ చేస్తే, ఇంటివాళ్ళ ముందు నిలబడి "ఆవిడ ఎక్కడికీ వెళ్ళదండి" అన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడటం నాకే కొత్త. హేచరీ మెస్ మూతపడి రోడెల్ ఆకలితో మోటారు సైకిలు మీద వచ్చిన ఆదివారం నుంచి ముగ్గురం కలిసి తినడం అలవాటైంది. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం. అందులోనూ నేను వాళ్ళిద్దరికీ వడ్డించి చివర్లో కూర్చుంటాను. అది మా దేశపు మర్యాద అనుకున్నారు వాళ్ళు. నేను కాదనలేదు.

టీకా వేయించుకునే రోజు నా ఆధార్ చూసి ఫోన్‌లో ఫారం నింపింది నోయ్. అక్కడ చూసిన తేదీని దాచుకుంది. రెండేళ్ళు దాచుకుని, బోటు మాట్లాడి, సెలవులు పెట్టించి, నిన్న సాయంత్రం మెట్లెక్కి వచ్చి చెప్పింది: "రేపు మీకు అరవై. బట్టలు సర్దుకోండి."

వాళ్ళ దేశాల్లో కాగితం మీద ఉన్న పుట్టినరోజంటే పుట్టినరోజే. అది అబద్ధం కావచ్చని వాళ్ళకి తట్టనే తట్టదు.

"సార్, షష్టిపూర్తా?" అన్నాడు సరంగు గణేష్‌బాబు, చుక్కాని మీద చెయ్యి తియ్యకుండానే తల తిప్పి. ముప్పై ఐదేళ్ళుంటాయి. "మరి మేడంగారేరండి? పీటల మీద ఒక్కరే కూర్చుంటారా ఏంటి?"

"పెళ్ళి చేసుకోలేదు బాబూ."

"అదృష్టవంతులండి" అని నవ్వాడు. "పుట్టిన తేదీ ఇవ్వాళేనా? జులై ఒకటా?"

రోడెల్ గర్వంగా "అవునండి, జులై ఒకటండి" అన్నాడు.

గణేష్‌బాబు ఇంకా గట్టిగా నవ్వాడు. "మా నాన్నదీ అదేనండి. మా పెదనాన్నదీ అదే. మా మావయ్య తహసీల్దారు ఆఫీసులో రిటైరయ్యాడు, ఆయనదీ జులై ఒకటే. మా ఊళ్ళో అరవై దాటినవాళ్ళలో సగం మంది ఆరోజే పుట్టారండి. ఆరోజు మంత్రసానికి ఎంత పనుండేదో."

నోయ్‌కి నవ్వు ఎందుకో అర్థం కాలేదు. రోడెల్‌ని అడిగింది. రోడెల్ సరంగుని అడిగాడు. సరంగు చెప్పాడు, చేతులు తిప్పుతూ, ఎంతో సరదాగా. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు పుట్టిన తేదీ అడుగుతారు, తండ్రికి తిథి గుర్తుంటుంది గాని తేదీ ఉండదు, అప్పుడు ఆయనే జులై ఒకటి అని రాసేస్తారు. "సారుకి అసలు పుట్టినరోజు వేరే ఉంటుందండి. ఉత్తినే ఇన్నేళ్ళు మోశారు ఈ తేదీని."

నోయ్ చేతిలో కొత్తిమీర ఆగిపోయింది. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఏడాదికి పన్నెండే సెలవులు ఆవిడకి.

"నిజమా?" అంది.

ఇదే సమయం. ఫోన్ జేబులోనే ఉంది. పైగా ఇప్పుడు అబద్ధం కూడా అక్కర్లేదు. ఇవ్వాళ కాదు, పొరపాటు జరిగింది, వెనక్కి వెళ్దాం అంటే చాలు. ఎంత తేలికో. నా జీవితంలో ప్రతి తలుపూ నేను బయటికి పోవడానికి ఇంత తేలిగ్గానే తెరుచుకుంది.

"నిజమే" అన్నాను.

"మరి అసలుది ఎప్పుడు? అప్పుడు చేద్దాం. నేను మళ్ళీ బోటు మాట్లాడతాను."

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్ళకి అడిగే అవసరం లేదు, తెలియనివాళ్ళకి అడిగేంత దగ్గరితనం లేదు. కార్తీక బహుళ తదియ. ఈ మూడు మాటలు నాకు మంత్రంలో భాగంగానే తెలుసు. పొద్దున నేను పుట్టాను, దీపాల వేళకి అమ్మ పోయింది. మా ఇంట్లో ఆ తిథి వస్తే తద్దినం. కొడుకుని నేనొక్కణ్ణే కాబట్టి ఐదో ఏటి నుంచీ నాన్న పక్కన కూర్చుని నేనే పెట్టేవాణ్ణి. వేలికి దర్భ ఉంగరం వదులుగా ఉండేది, జారిపోకుండా పిడికిలి బిగించేవాణ్ణి. నువ్వులు, నీళ్ళు. బ్రాహ్మల భోజనాలయ్యాక పిండాన్ని అరిటాకులో పెట్టి పెరట్లో గోడ మీద ఉంచేవాళ్ళు. కాకి వచ్చి ముట్టాక చుట్టాలు భోంచెయ్యాలి, తర్వాత మేము.

నాకు ఏడేళ్ళప్పుడు కాకి రాలేదు. మధ్యాహ్నం రెండైంది. అందరూ అరుగు మీద నిలబడి గోడవైపు చూస్తున్నారు. మా మేనత్త ఆకలి మీద ఉందో, విసుగు మీద ఉందో, "వాణ్ణి పక్కకి తప్పుకోమనండి, వాణ్ణి చూసి రావట్లేదేమో" అంది. ఆవిడ మనసులో ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. నేను వెళ్ళి పశువుల పాక వెనక నిలబడ్డాను. నిలబడిన రెండు నిమిషాలకి కాకి వచ్చింది.

అంతే జరిగింది. ఒక పక్షి, ఒక యాదృచ్ఛికం. మనసుల గురించి ఎన్నో పుస్తకాలు చదివాను, ఏడేళ్ళ పిల్లవాడి బుర్ర రెండు సంగతుల్ని ఎలా ముడివేస్తుందో ఎవరికైనా వివరించగలను. కానీ ఆ పిల్లవాడు వివరణలు వినడు. నేను తప్పుకుంటే మంచి జరుగుతుందని అతనికి తెలుసు, కళ్ళారా చూశాడు.

ఆ రోజు అందరూ భోజనాలకి లేచాక అక్క నాగదుర్గ పాక వెనక్కి వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, తల్లి పోతే ఏమవుతుందో పూర్తిగా తెలిసిన వయసు. నా గుప్పిట్లో ఒక బెల్లం ముక్క పెట్టి, "తిను, నీ పుట్టినరోజురా ఇవాళ" అంది. ఆ మాట మా ఇంట్లో ఎవరైనా అన్నది ఆ ఒక్కసారే. నేను తినలేదు. గోడ మీద అరిటాకులో పెట్టి వచ్చాను. అక్క చూసింది. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.

ఆ సంగతి అక్కకి గుర్తుందా? రామచంద్రపురంలో ఉంది, మోకాళ్ళ నొప్పులు. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదని ఇన్నాళ్ళు అనుకున్నాను. ఇచ్చారు. తీసుకోవడం రాలేదు నాకు. ఈ ఎర్ర నీళ్ళ మీద, సిలిండర్‌కి ఆనుకుని, ఆ తేడా ఇప్పుడు తెలుస్తోంది.

"నవంబరులో" అన్నాను నోయ్‌తో. "కానీ అప్పుడు చెయ్యలేం. ఆరోజే మా అమ్మ పోయింది. నన్ను కని, సాయంత్రానికి. ఏటా ఆరోజు అమ్మకి తద్దినం పెడతాను."

ఇంగ్లీషులో చెప్పాను. తెలుగులో అయితే చెప్పగలిగేవాణ్ణి కానేమో. గణేష్‌బాబుకి ఎంత అర్థమైందో గాని నవ్వు ఆపేశాడు. ఇంజను చప్పుడు తగ్గించాడు. నోయ్ చేతులు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది, నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ పట్టులో జాలి లేదు. రద్దీలో పక్కమనిషి తప్పిపోకుండా పట్టుకుంటారే, అలా ఉంది.

రోడెల్ బాణలి కింద మంట తగ్గించాడు.

"అప్పాజీ గారండి."

"చెప్పు."

"అయితే జులై ఒకటో తారీఖున మీ ఇంట్లో ఎవరూ చనిపోలేదు కదండి."

నేను తలెత్తి అతని వైపు చూశాను.

"ఎవరూ పోలేదండి. హెడ్మాస్టరు గారు మంచి రోజు చూసి ఇచ్చారండి మీకు. ఖాళీ రోజు." గరిటెతో బాణలి అంచు మీద రెండుసార్లు కొట్టాడు. "ఇంకోటండి, నవంబరు దాకా మీకు యాభై తొమ్మిదేనండి. నూడుల్స్ మాత్రం ఇప్పుడే అయిపోయాయండి, చల్లారితే అంటుకుపోతాయి."

గణేష్‌బాబు ముందుగా నవ్వాడు. తర్వాత నోయ్. ఆ హెడ్మాస్టరు ముఖం నాకు గుర్తులేదు, పేరు కూడా. నాన్న "ఏదో ఒకటి రాయండి" అంటే కలం ముంచి, తను అందరికీ రాసే తేదీనే రాసిన మనిషి. ఎవరూ చావని, ఎవరూ పుట్టని ఒక రోజుని నాకు కేటాయించి వెళ్ళిపోయిన మనిషి. ఆయన ఎక్కడున్నా ఆయనకి దండం పెట్టాలనిపించింది. మేనత్తకి కూడా. ఆకలి వేసినవాళ్ళు అనే మాట అది.

రోడెల్ బాణలి ఎత్తి ముందుకి తీసుకెళ్ళాడు. సన్నని సేమ్యా లాంటి నూడుల్స్, క్యారెట్, పొద్దున చెరువులో పట్టిన రొయ్యలు. వాళ్ళ ఊళ్ళో పుట్టినరోజుకి ఇదే వండుతారట. పోగులు ఎంత పొడుగో ఆయుష్షు అంత, కాబట్టి తుంచకూడదట. నోయ్ నన్ను నడిపించుకెళ్ళి రంగు కాగితాల కుర్చీలో కూర్చోబెట్టింది. ఒకే పళ్ళెం నింపి నా చేతికిచ్చింది.

నాలుగు పళ్ళేలు ఉండాల్సింది. నేను వెనక్కి చూశాను. "మీరు పెట్టుకోండి. గణేష్‌బాబుకి పెట్టండి. నేను తర్వాత…"

"మా ఇంట్లో పుట్టినరోజు మనిషి ముందండి" అన్నాడు రోడెల్. "ఆయన తినకపోతే ఎవరూ తినరండి."

"నాకు ఆకలేస్తోంది సార్" అన్నాడు గణేష్‌బాబు. "మా ఆవిడ పొద్దున ఉప్మా కూడా పెట్టలేదు, షష్టిపూర్తి భోజనం ఉంటుందంటే."

ముగ్గురూ నిలబడి ఉన్నారు. ముగ్గురికీ ఆకలిగా ఉంది. ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. నేను పక్కకి తప్పుకుంటే, ఇక్కడ, ఈ బోటు మీద, ఏ కాకీ రాదు. నూడుల్స్ చల్లారతాయి, అంతే. ఇంతకాలం నేను తప్పుకుంటేనే నడుస్తుందనుకున్న లోకం, ఈ ఒక్క మధ్యాహ్నం, నేను కూర్చుంటే గాని నడవనంటోంది. కళ్ళు తడిసినట్టున్నాయి, గాలి ఎదురుగా వీస్తోంది కాబట్టి ఎవరూ గమనించి ఉండరు.

ఫోర్కుతో ఒక పోగు ఎత్తాను. అది తెగకుండా చాలా పొడుగ్గా సాగింది. వాళ్ళెవరూ ఇంకా ముద్ద ముట్టలేదు. నేను నోట్లో పెట్టుకున్నాను.