నాన్న సర్వీసు కాగితాలు

హార్డ్ డిస్కును కుడిచెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు గురువులు. ఎదురుగా నిలబడ్డ టీచరమ్మ ఊపిరి బిగబట్టి అతని ముఖంలోకే చూస్తోంది. ఆస్పత్రిలో కూడా జనం అంత భయపడరు.

అతను తగిలించిన వేరే వైరుతో లోపల పళ్ళెం సన్నగా రొద పెడుతూ తిరుగుతోంది. టిక్ టిక్‌మనే తట్టుడు లేదు. గురువులు కళ్ళు తెరిచాడు.

"బతికే ఉందమ్మా. వైరు పోయింది, అంతే. మార్చి ఇత్తాను," అన్నాడు. తర్వాత, పందొమ్మిదేళ్ళుగా రోజూ చెప్పే మాట మళ్ళీ చెప్పాడు. "ఏదైనా రెండు సోట్ల పెట్టుకోవాలమ్మా. ఒక్క సోట ఉంటే లేనట్టే అనుకోండి."

ఆవిడ దండం పెట్టినంత పని చేసి బయల్దేరింది. గురువులు ఆమెను సాగనంపడానికి లేచాడు, తల పక్కకు వంచి. మద్దిలపాలెం జంక్షన్లో ఆ కాంప్లెక్సు మెట్ల కింద ఉంది వాళ్ళ షాపు. మెట్లు ఏటవాలుగా దిగిన చోటే గురువులు బల్ల. తిన్నగా లేస్తే నడినెత్తిన సిమెంటు తగులుతుంది. మొదటి నెలలో నాలుగుసార్లు తగిలింది, ఆ తర్వాత మెడే నేర్చుకుంది. ఇప్పుడు ఇంట్లో మంచం మీంచి లేచినా తల వంచే లేస్తాడు. "పైన ఏటుందని?" అని భార్య దేవి నవ్వుతుంది.

నలభైమూడేళ్ళ మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడి బొటనవేలికి స్క్రూడ్రైవరు చేసిన కాయ, కళ్ళజోడు కాడకు నల్ల టేపు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పట్టుకారు ఉంటుంది. రోజూ పద్మనాభంలో పొద్దున్నే బస్సెక్కి వస్తాడు, చీకటి పడ్డాక వెళతాడు. ఆ కాంప్లెక్సులో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. జగ్గారావు బావమరిది అంటారు.

జగ్గారావు అతని అక్క సుధారాణి మొగుడు, షాపు యజమాని. "ఏరేది దొరికేదాకా ఇక్కడ కూకో," అని పందొమ్మిదేళ్ళ క్రితం ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. చెడ్డవాడైతే గురువులు ఏనాడో దెబ్బలాడి వెళ్ళిపోయేవాడు. ఖర్మ ఏమిటంటే జగ్గారావు మంచివాడు. గురువులు తండ్రి మంచాన పడితే కొడుకుతో సమానంగా తిరిగాడు, పోతే పాడె మోశాడు. అలాంటివాడితో వెళ్ళిపోతానని ఎలా చెప్పడం? చెబితే ఆ ముఖం ఎలా చిన్నబోతుందో, ఆ సాయంత్రం అక్క ఏమని ఫోన్ చేస్తుందో గురువులు ఇక్కడి నుంచే చూడగలడు.

జగ్గారావుకు ఉన్నదల్లా ఒక్క జబ్బు, నోట్లో నువ్వుగింజ నానదు. బాగుకొచ్చిన కంప్యూటర్లలో బూతుబొమ్మలు కనిపిస్తే చాలు, తొడ చరిచి నవ్వుతాడు. సాయంత్రానికల్లా కాంప్లెక్సంతా తెలిసిపోతుంది, రాత్రికి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా. ఓ బ్యాంకాయనకు అలాగే 'బొమ్మల బాబు' అని పేరు పడింది. పాపం ఆయన జంక్షన్లో ఈ పక్కకు రావడమే మానేశాడు.

ఆ భయంతోనే గురువులు ఎనిమిదేళ్ళుగా ఒక సంగతి దాచాడు.

అప్పుడెప్పుడో ఒక కాలేజీ కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చి, ఏం పోయిందో చెప్పలేక ఎర్రబడిపోయి వెళ్ళిపోయాడు. తెరిచి చూస్తే పెద్దవాళ్ళు మాత్రమే ఆడే కంప్యూటరు ఆట. ఇలాంటి ఆటలకు జనం తమ ఇష్టం వచ్చినవి తగిలించుకుంటారు, మాడ్‌లంటారు వాటిని. జుట్లు, బట్టలు, బట్టలు లేకపోవడాలు, పడకగది వ్యవహారాలు. ఇరవై మాడ్‌లు పెట్టగానే తెర నల్లబడి ఆట చచ్చిపోతోంది. గురువులు సన్యాసి కాడు, మొదట్లో రెండు నెలలు కళ్ళప్పగించే చూశాడు. తర్వాత ఆ బొమ్మలు కళ్ళకు ఆనడం మానేశాయి. తప్పు ఎక్కడుందన్నదే అతన్ని పట్టుకుంది. రెండు మాడ్‌లు ఒకే ఫైలు నాదంటే నాదంటాయి. పెళ్ళిపందిట్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకే కుర్చీకి పట్టుపట్టినట్టన్నమాట. ఎవర్ని ముందు కూర్చోబెట్టాలో, ఎవర్ని బుజ్జగించి వెనక్కి పంపాలో తెలియాలి. గురువులుకు తెలుసు.

ఆ ఆటగాళ్ళంతా చేరే చోటొకటి ఉంది ఇంటర్నెట్లో. అక్కడ అతని పేరు ఫిట్టర్. తండ్రి పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ మాట తప్ప గౌరవమైనది మరొకటి తోచలేదు గురువులుకు. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు బస్సులో ఫోన్ మీద జవాబులు రాసేవాడు. వంకర ఇంగ్లీషే, కానీ చెప్పినట్టు చేస్తే ఆట లేచేది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో "ఫిట్టర్ వచ్చేదాకా ఆగండి" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు. గురువులు ఆ మాటను కిటికీ పక్కన కూర్చుని పదిసార్లు చదువుకునేవాడు.

ఆరేళ్ళు కూడబెట్టి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. ఆటలో చేరిన మాడ్‌లన్నిటినీ చూసి, కొట్లాటలు అదే తీర్చి, వరుసలో కూర్చోబెడుతుంది. దాని వెనక రెండు వేల పైచిలుకు దిద్దుబాట్లు, ఒక్కోదానికి రాసుకున్న వివరం. ముక్కలు ముక్కలుగా అందరికీ ఇచ్చాడు గానీ మొత్తంగా ఉన్నది అతని సంచిలోని ఒక్క హార్డ్ డిస్కులోనే. ఊరందరికీ రెండు చోట్ల పెట్టుకోమని చెప్పేవాడు తను మాత్రం ఒక్క చోటే పెట్టాడు. ఇంట్లో కంప్యూటరు మీద కూతురు చదువుకుంటుంది, షాపులోది బావ చూస్తాడు. రెండు చోట్ల ఉంటే దొరికిపోయే దార్లూ రెండు.

ఎవరైనా ఎప్పుడైనా డిస్కు తెరిస్తే అనుమానం రాకుండా, పైన ఒకే ఒక ఫోల్డరు పెట్టాడు. దాని పేరు 'నాన్న సర్వీసు కాగితాలు'. నిజంగానే తండ్రి కాగితాలు, ఫోటోలు నలభై స్కాన్ చేసి అందులో పరిచాడు. వాటి అడుగున 'పాతవి' అని ఇంకో ఫోల్డరు. అతని బతుకంతా అందులో ఉంది.

పందొమ్మిది రోజుల క్రితం, అక్కడ పేరు పక్కన గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒక పాత పరిచయం ఉత్తరం రాసింది. ఆడో మగో గురువులుకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళకో చిన్న ఆటల కంపెనీ ఉందట, మామూలు ఆటలే. తప్పులు పట్టే మనిషి కావాలి. ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు. నీ ప్రోగ్రాం మొత్తం పంపు, మావాళ్ళకు చూపించి నిన్ను తీసుకుంటాం, మూడో శుక్రవారంలోగా కావాలి అని. గురువులు 'ఇంకొంచెం సర్ది పంపుదాం' అనుకుంటూ ఇవాళ్టి దాకా లాగాడు. ఇవాళే ఆ శుక్రవారం. బస్సులో రోజూ "బావా, నాను రేపట్నుంచి..." అని పెదవులు కదిపి చూసుకునేవాడు. పందొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆ వాక్యం పూర్తి కాలేదు.

పొద్దున హనుమంతవాక దగ్గర బస్సు గట్టిగా బ్రేకు వేసింది. ఒళ్ళోని సంచి కింద పడి కారేజీ దొర్లింది. గురువులు పెరుగు గిన్నె కోసం సీట్ల కిందికి దూరాడు. సంచిలో గిన్నె కింద ఉన్న డిస్కు సంగతి అప్పుడు తట్టలేదు.

పన్నెండున్నరకు జగ్గారావు భోజనానికి ఇంటికి వెళ్ళాడు. భోంచేసి, కునుకు తీసి, నాలుగున్నరకు గానీ రాడు. గురువులు షట్టరు సగం దించి, డిస్కును తీసి కంప్యూటరుకు తగిలించాడు.

టిక్. టిక్. టిక్.

ఆ చప్పుడు అతనికి కొత్తదా! ఎందరికి చెప్పాడు, అమ్మా ఇది లేవదు, మరిచిపోండి అని. చెవికి ఆనించుకున్నాడు. తీసి తుడిచి, మళ్ళీ ఆనించుకున్నాడు. తనకు చెప్పేవాడు ఎవడూ లేడు.

ఈ పనిలో పాతవాళ్ళకు తెలిసిన కిటుకొకటుంది. చచ్చిన డిస్కును కవర్లో చుట్టి రెండు గంటలు గడ్డకట్టే చలిలో పెడితే పదింట్లో ఒకటి లేస్తుంది. చలి ఉన్నంతసేపే, పది పన్నెండు నిమిషాలు. తర్వాత విశాఖపట్నం చెమ్మ లోపలికి దిగుతుంది, ఇక దేవుడొచ్చినా లేవదు. ఒక్కసారే అవకాశం.

పక్క జ్యూస్ షాపాయన ఫ్రీజరు మూత తీస్తూ ముఖం చిట్లించాడు. "ఏటి గురువులూ, సేపలేటి? నా ఐస్‌క్రీములు కంపు కొడతాయి."

"సేపలు కావన్నా. డిస్కు."

"దానికీ ఉక్కబోత్తందేటి?" అని నవ్వాడాయన. గురువులు నవ్వలేదు. రెండు గంటలపాటు కారేజీ విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని, పైన మెట్లెక్కేవాళ్ళ అడుగులు వింటూ ఉన్నాడు.

మూడుకు డిస్కు తెచ్చాడు. మంచుముద్దలా చేతిని కొరికేస్తోంది. తగిలించాడు. రొద. తట్టుడు లేదు! తెర మీద ఫోల్డరు పేరు మెల్లగా తేలింది, 'నాన్న సర్వీసు కాగితాలు'. గురువులు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మౌసు మీద చెయ్యి వేశాడో లేదో, వెనక షట్టరు ఘడేలున పైకి లేచింది.

"ఎదవ కరెంటు! తొంగుంటే నిద్రెలా పడతాది ఈ ఉక్కలో?" అంటూ జగ్గారావు లోపలికొచ్చాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గురువులు భుజం మీంచి తెరలోకి వంగాడు. "ఏటది? మావ కాగితాలా?"

"ఆఁ... డిస్కు పోయింది బావా. ఫ్రీజర్లో పెట్టి తెచ్చాను. పది నిమిషాలుంటాదేమో."

"అయ్యయ్యో! మరి సెప్పవేటి?" స్టూలు లాక్కుని, మోకాలు మోకాలికి తగిలేలా కూర్చున్నాడు జగ్గారావు. "తియ్యి తియ్యి. మావయి ఒక్కటి పోకూడదు."

గురువులు ఫోల్డరు తెరిచాడు. పైన ఫోటోల వరుస, అడుగున 'పాతవి'. ముందు దాన్ని పట్టుకుని కంప్యూటర్లోకి లాగితే చాలు. కానీ లాగుతుంటే ఒక్కో ఫైలు పేరూ తెరమీద కదులుతుంది. ఆ పేర్లు ఎలాంటివో గురువులుకు తెలుసు. వాటిని చదవడానికి జగ్గారావుకొచ్చిన ఇంగ్లీషు సరిపోతుంది.

బాణం గుర్తు 'పాతవి' మీదికి వెళ్ళి ఆగింది.

"అందులో ఏటున్నాయి? అయ్యీ మావవేనా?"

ఒక్క మాట. కాస్త అవతలికెళ్ళు బావా, నీకు తర్వాత చెబుతాను. అదీ కాకపోతే, నావే బావా, నవ్వితే నవ్వుకో. అంతే కదా. బొమ్మల బాబు గుర్తొచ్చాడు. అక్క, దేవి, కూతురు, పద్మనాభంలో బస్సు దిగే చోట కూర్చునే జనం, అందరూ ఒక్కసారి తెర ముందుకొచ్చి నిలబడ్డట్టయింది.

"ఏం లేవు బావా," అన్నాడు. "పాత సామాను. అక్కర్లేదు."

"అయితే ఒగ్గెయ్. ముందు ఫోటోలు లాగు."

గురువులు ఫోటోలు లాగాడు. వాటి అసలు ప్రతులు ఊళ్ళో అమ్మ ట్రంకుపెట్టెలో నిక్షేపంగా ఉన్నాయి. ఒకటి, రెండు, ఆరు. చలికి చిక్కబడ్డ డిస్కు ఒక్కోదాన్నీ ఈడ్చి ఈడ్చి ఇస్తోంది. మధ్యలో జగ్గారావు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగాగు, అది తెరు." తండ్రి రిటైరయిన రోజు ఫోటో. మెడలో బంతిపూల దండ, చేతిలో గోడగడియారం. పక్కన కొత్త అల్లుడు జగ్గారావు, నెత్తినిండా జుట్టు. "సూడ్రా! నానే! మావ ఆ రోజు నా సెయ్యి ఒగ్గలేదు తెలుసా?" జగ్గారావు గొంతు బొంగురుపోయింది. బరువైన చెయ్యి గురువులు భుజం మీద వేశాడు. ప్రేమగానే వేశాడు. దాని కింద గురువులు కదలలేకపోయాడు.

ముప్ఫై ఎనిమిదో ఫోటో. ముప్ఫై తొమ్మిది. డిస్కు పైన నీటిచుక్కలు మొలిచాయి. నలభయ్యోది వచ్చీ రాగానే తెర ఒకసారి గిలగిల్లాడింది.

టిక్. టిక్. టిక్.

"అన్నీ వచ్చేసేయి కదా?" అన్నాడు జగ్గారావు.

"వచ్చేసేయి బావా."

"నీ సేతిలో లచ్చిమి ఉందిరా. ఇంకెవుడైనా అయితే మావని పోగొట్టీసీవోడు." లేచి వెళ్ళి ఇద్దరికీ బాదంపాలు తెచ్చాడు. గురువులు తాగాడు. ఏడుపు గొంతు దాకా వచ్చి, బాదంపాలతో పాటు లోపలికి పోయింది.

సాయంత్రం జగ్గారావు షాపులో దేవుడి దీపానికి వత్తులు చేసుకుంటుంటే, గురువులు ఫోన్ తీసి గుడ్లగూబకు రెండు ముక్కలు రాశాడు, డిస్కు పోయింది, పంపలేను అని. జవాబు వెంటనే వచ్చింది. అయ్యో, పర్వాలేదు ఫిట్టర్, ఇంకో కాపీ పంపు, రెండు చోట్ల పెట్టుకోమని మాకందరికీ నేర్పింది నువ్వే కదా అని. చివర నవ్వుముఖం.

ఏమని రాస్తాడు? పరువు కోసం రెండో కాపీ పెట్టుకోలేదని రాస్తే ఏ దేశంలో ఎవరికి అర్థమవుతుంది? అడుగున ఖాతా తీసెయ్యడానికో మీట ఉంది. నిజంగానే తీసెయ్యాలా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాడు. ఎనిమిదేళ్ళ జవాబులు ఎక్కడివక్కడే ఉన్నాయి, పైన పేరు మాత్రం లేదు. అంత నెమ్మదిగా వెళ్ళిపోయాడు ఫిట్టర్. పక్కనున్నవాడికి కూడా తెలియలేదు.

"మొన్నట్నుంచీ ఏటో సెప్దామని నసుగుతున్నావు. ఏటది?" జగ్గారావు అగ్గిపుల్ల గీస్తూ అడిగాడు.

"ఏం లేదు బావా. రేపు పెందలాడే వత్తాను."

సంచి భుజాన వేసుకుని, తల వంచి లేచి, గురువులు బస్సుకు బయల్దేరాడు. అంతకుముందు, చచ్చిన డిస్కును చెత్తబుట్టలో వెయ్యబోతే జగ్గారావు ఊరుకోలేదు. మావని మోసింది, పారేత్తామేటి అని తుడిచి, 'మావ కాగితాలు' అని చీటీ అంటించి దేవుడి అరలో పెట్టాడు. సింహాచలం అప్పన్న పటం పక్కన, దీపం వెలుగులో, కుంకుమబొట్టు పెట్టిన ఆ నల్లటి డిస్కు మీద ఒక మందారం ఉంది. చెమ్మకు బొట్టు కాస్త కారింది.